పాత బండి, భద్రాచలం దారి

ఇంగ్లాండులో ఆక్స్‌ఫర్డ్ పక్కన కౌలీ అనే పేట ఉంది. మోరిస్ కంపెనీ కార్ల కార్ఖానా అక్కడే. మే నెలలో అక్కడ పగటి ఉష్ణోగ్రత సగటున 17 డిగ్రీలు. నడివేసవిలో కూడా 23 దగ్గరే ఆగిపోతుంది. 1956లో అక్కడ బయటికొచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారే కొద్దిపాటి మార్పులతో పశ్చిమ బెంగాల్లోని ఉత్తర్‌పారా చేరి, అంబాసిడర్ అని పేరు పెట్టుకుంది. 2014 మే దాకా అక్కడ తయారవుతూనే ఉంది. అలాంటి కారును ఖమ్మంలో ఎండ 45 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం బయటికి తీసి, కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం తోలుకెళ్లాలంటే పెట్రోలు కంటే ముందు ఓపిక నింపుకోవాలి.

దారి దూరమేమీ కాదు, 120 కిలోమీటర్ల చిల్లర. కొత్త కారుకు అదో లెక్క కాదు. పాత బండికి మాత్రం ఈ దారి ప్రతి మలుపులో ఒక పరీక్ష పెడుతుంది. మొదట ఎండ, తర్వాత బొగ్గు దుమ్ము, వానాకాలమైతే వాగులు, గోదావరి దాటి చింతూరు మీదుగా మారేడుమిల్లి వైపు మళ్లితే ఘాట్ రోడ్డు. యజమానులు తిట్టుకునే లోపాల్లో చాలావాటికి కారణం ఇంజనీరు చేతకానితనం కాదు. ఆయన మనసులో ఉన్న రోడ్డు వేరు, ఎండ వేరు, పెట్రోలు వేరు. అన్నిటికన్నా ముఖ్యంగా, బండి కొనేవాడు వారం వారం దాని కింద దూరి గ్రీజు కొడతాడని ఆయన నమ్మాడు. ఆ లెక్కలన్నీ ఈ అడవి అంచున తప్పిపోతాయి.

ఈ ప్రాంతానికి మోటారు వాహనం వచ్చిన తీరు కూడా చిత్రమే. గోదావరికి ఇవతల ఖమ్మం వైపు నిజాం రాజ్యం, అవతల భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీ. నిజాం రైల్వే వారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. స్కాట్లాండులో తయారైన ఆల్బియన్ బస్సులు ఆ కాలానివే. రెండో ప్రపంచయుద్ధంలో పెట్రోలుకు రేషను రాగానే దేశమంతటా బొగ్గు బస్సులు దిగాయి. బస్సు వెనక పీపా లాంటి కొలిమి ఉండేది. అందులో కర్రబొగ్గును చాలీచాలని గాలితో మండిస్తే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, ఇంజను తాగేది దాన్నే. అయితే ఆ వాయువులో దాదాపు సగం పనికిరాని నైట్రోజనే. అందుకే ఇంజను బలం మూడో వంతుకు పైగా పడిపోయేది. ఎత్తు వస్తే జనం దిగి తోయాల్సిందే. ఆ తరం పెద్దలు ఈ ముచ్చట ఇప్పటికీ నవ్వుతూనే చెప్పుకుంటారు.

భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. గోదావరి మీద వంతెనను 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. అప్పటిదాకా నది దాటాలంటే పడవే దిక్కు. వంతెన పడ్డాక అధికారుల అంబాసిడర్లు, కాంట్రాక్టర్ల ఫియట్లు అవతలి ఒడ్డుకు తేలిగ్గా వెళ్లాయి. రోడ్డు సరిగా లేని లోపలి ఏజెన్సీ ఊళ్లకు మాత్రం జీపే వాహనం. యుద్ధకాలంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. 1947లో మహీంద్రా వారు బొంబాయిలో ఆ జీపులను బిగించడం మొదలుపెట్టి, తర్వాత దశాబ్దాల పాటు అదే నమూనాను తయారుచేస్తూ పోయారు. ఈ మూడు రకాల బండ్లే ఈ కథలో పాత్రలు.

ముందు ఎండ సంగతి చూద్దాం.

కొత్తగూడెం చేరేసరికి టీకి ఆగారు, పావుగంట గడిచింది. తిరిగి సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతుంది గానీ అందుకోదు. బ్యాటరీ బాగుంది, ట్యాంకులో పెట్రోలుంది. వచ్చిన జబ్బు పేరు వేపర్ లాక్. పెట్రోలు ఒకే పదార్థం కాదు, ఎన్నో హైడ్రోకార్బన్ల కలయిక. వాటిలో తేలికవి 35, 40 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మొదలుపెడతాయి. జీపులో, ప్రీమియర్ పద్మిని అని పేరు మార్చుకున్న ఫియట్‌లో పెట్రోలు పంపు ఇంజను పక్కకే బిగించి ఉంటుంది. క్యామ్‌షాఫ్ట్ దాని చేతిని ఆడిస్తుంది, లోపలి డయాఫ్రం అనే పల్చటి పొర పైకీ కిందికీ కదులుతూ ట్యాంకు నుంచి పెట్రోలును లాగుతుంది. అసలు చిక్కు ఆ లాగడంలోనే ఉంది. లాగేటప్పుడు గొట్టంలో పీడనం తగ్గుతుంది, పీడనం తగ్గితే ద్రవం ఇంకా తక్కువ వేడికే మరుగుతుంది. గొట్టంలో బుడగ పడ్డాక పంపు ఆ బుడగనే నొక్కుతూ వదులుతూ కూర్చుంటుంది, పెట్రోలు ముందుకు కదలదు.

బండి నడుస్తుండగా రాని జబ్బు ఆగాక ఎందుకు వస్తుంది? నడుస్తున్నప్పుడు ఫ్యాను గాలి తగులుతుంది, ట్యాంకు నుంచి చల్లటి పెట్రోలు వస్తూ ఉంటుంది, నీళ్ల పంపు ఇంజను వేడిని రేడియేటరుకు మోస్తుంది. ఇంజను ఆపగానే ఈ మూడూ ఆగిపోతాయి. కాలిన ఇనుములోని వేడి ఎటూ పోలేక బోనెట్ కిందే పోగవుతుంది. అంబాసిడర్ ఇంజనుకు ఇంకో శాపం కూడా ఉంది. గాలి లోపలికి వెళ్లే గొట్టాలూ, పొగ బయటికి వచ్చే గొట్టాలూ ఒకే వైపున ఉంటాయి. అంటే కార్బొరేటరు తీసుకెళ్లి కాలే సైలెన్సరు గొట్టం నెత్తిన కూర్చోబెట్టారన్నమాట. కౌలీ చలిలో అది లోపం కాదు, వరం. గడ్డకట్టే తెల్లవారుజామున పెట్రోలు ఆవిరి కాక మొరాయిస్తుంటే ఆ వేడే కాపాడేది. మన దగ్గర అదే వేడికి కార్బొరేటరు గిన్నెలోని పెట్రోలు ఉడికిపోతుంది.

దీనికి మన షెడ్లలో కనిపెట్టిన మందు తడిగుడ్డ. గోనెపట్టా ముక్కనో పాత తువ్వాలునో తడిపి పంపు చుట్టూ చుడతారు. మొరటుగా కనిపిస్తుంది గానీ దాని వెనక ఉన్న భౌతికశాస్త్రం గట్టిది. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే 2,200 జౌళ్లకు పైగా వేడి కావాలి, ఆ వేడిని అది పంపు లోహం నుంచే గుంజుకుంటుంది. ఖమ్మం ఎండల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీరు తొందరగా ఆవిరవుతుంది. అదే చికిత్స ఆగస్టు ఉక్కపోతలో అంతగా పనిచేయదు. కొందరు గొట్టానికి చెక్క క్లిప్పులు వరసగా తగిలిస్తారు. చెక్క వేడిని లాగేసుకుంటుందని నమ్మకం. చెక్క వేడిని పెద్దగా మోయదు కనక ఆ నమ్మకానికి ఆధారం బలహీనమే. క్లిప్పులు పెట్టేలోపు గడిచిన పది నిమిషాలే ఇంజనును చల్లబరిచి ఉంటాయి.

రేడియేటరు కథ ఇంకో రకం. నీరు మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత బిగించి లోపల పీడనం పెంచితే అంతకు మించి కాగినా మరగదు. ఇప్పటి కార్ల మూతలు చదరపు అంగుళానికి 15 పౌండ్ల దాకా ఆపుతాయి, అంటే మరిగే హద్దు 120 డిగ్రీలు దాటుతుంది. యుద్ధకాలపు జీపు మూత ఆపేది నాలుగు పౌండ్ల చిల్లరే. ఎండ 45 ఉన్న రోజు ఆ జీపుకు మిగిలే వెసులుబాటు చాలా తక్కువ. పైగా ఫ్యాను ఇంజనుకే బెల్టుతో కట్టి ఉంటుంది, ఇంజను మెల్లగా తిరిగితే అదీ మెల్లగానే తిరుగుతుంది. గ్రానైట్ లారీ వెనక, సంత జనం మధ్య నత్తనడకన పోయేటప్పుడు గాలి బాగా కావాలి, ఫ్యాను అప్పుడే గాలి తక్కువ ఇస్తుంది. ఇప్పటి కార్లలో కరెంటు ఫ్యాను ఇంజను వేగాన్ని పట్టించుకోదు, వేడిని బట్టి తిరుగుతుంది.

దారిలో ఆవిరి కక్కిన బండికి దొరికిన చోట నీళ్లు పోస్తారు. ఎక్కువగా బోరు నీళ్లే. ఆ కఠిన జలంలోని కాల్షియం లవణాలు వేడికి విడివడి ఇంజను దిమ్మె లోపలి గోడలకు సున్నపు పొరలా అంటుకుంటాయి. ఆ పొర ఇనుము కన్నా ఎన్నో రెట్లు తక్కువగా వేడిని పోనిస్తుంది. వేడెక్కిందని నీళ్లు పోస్తారు, పోసిన నీళ్ల వల్లే తర్వాతి వేసవిలో ఇంకా వేడెక్కుతుంది. నాలుగో సిలిండరు దగ్గర, దిమ్మె వెనక మూలలో, తుప్పూ సున్నమూ కలిసి గట్టిపడిన మడ్డి పేరుకుని ఉంటుంది. పక్కనున్న గుండ్రటి ప్లగ్గు ఊడదీసి ఇనుప చువ్వతో పొడిస్తే గానీ అది బయటికి రాదు. రేడియేటరు మార్చినా వేడి తగ్గలేదని వాపోయే యజమానుల్లో చాలామంది ఆ మూలను చూసి ఉండరు.

కొత్తగూడెం సింగరేణి బొగ్గు గనుల ఊరు. బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్లలో గాలికి ఒక రంగు ఉంటుంది. పాత బండ్ల గాలి శుద్ధి యంత్రంలో కాగితపు ఫిల్టరు ఉండదు, అడుగున నూనె పోసిన డబ్బా ఉంటుంది. గాలి కిందికి దూసుకొచ్చి నూనె మీద గిరుక్కున మలుపు తిరుగుతుంది, బరువైన దుమ్ము మలుపు తిరగలేక నూనెలో పడిపోతుంది. తెలివైన ఏర్పాటే, కొత్త ఫిల్టరు కొనే ఖర్చు లేదు. కానీ మెత్తటి దుమ్ము తేలిక కాబట్టి గాలితో పాటే మలుపు తిరిగి లోపలికి పోతుంది. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు గాలి జోరు తగ్గి పెద్ద దుమ్ము కూడా తప్పించుకుంటుంది. అడుగున నూనె చిక్కటి బురదగా మారిందో లేదో మూత తీసి చూస్తే గానీ తెలియదు. ఆ మూత తీసేది ఎవరు?

ఈ ఎండా దుమ్మూ కన్నా డ్రైవరును ఎక్కువ అవమానపరిచే లోపం గేరు రాడ్డుది. అంబాసిడర్‌లో చాలాకాలం పాటు, పద్మినిలో మొదటి నుంచీ, గేరు రాడ్డు స్టీరింగు పక్కన ఉండేది. ముందు సీటు బల్లలా ఒకటే ఉంటుంది, కాళ్ల మధ్య అడ్డం లేకపోతే ముగ్గురు కూర్చోవచ్చు. పెళ్లిళ్ల కాలంలో అయిదుగురు కూర్చున్న రోజులూ ఉన్నాయనుకోండి, అది కౌలీ వారి లెక్కలో లేదు. అయితే చేతి కదలిక స్టీరింగు గొట్టం వెంబడి దిగి, చిన్న చిన్న కడ్డీలూ కీళ్లూ దాటి గేరుబాక్సు చేరాలి. ప్రతి కీలులోనూ ఒక బుష్షు. ఒక్కోటి కొంచెం అరిగినా అన్నీ కలిసి రాడ్డు లూజవుతుంది. చివరికి ఓ రోజు నడిరోడ్డు మీద బండి రెండు గేర్లను ఒకేసారి పట్టుకుని బిగుసుకుపోతుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు, తోద్దామన్నా కదలదు. అప్పుడు బోనెట్ ఎత్తి, స్టీరింగు గొట్టం అడుగున ఉన్న రెండు కీలు చేతులనూ చూడాలి. ఒకటి మధ్యలో, ఇంకొకటి పక్కకు తప్పుకుని ఉంటుంది. తప్పుకున్నదాన్ని చేత్తోనో పానాతోనో వరసలోకి నెడితే టక్కుమంటుంది, గేరు విడిపోతుంది. అంబాసిడర్ తోలిన పాత డ్రైవర్లకు ఇది రాకుండా ఉండదు. చెయ్యి కాలకుండా చేయడం మాత్రం కొద్దిమందికే వచ్చు.

జూన్ దాటాక పరీక్ష మారుతుంది. కిన్నెరసాని, ముర్రేడు, తాలిపేరు, అటు శబరి. వీటిలో కలిసే చిన్న వాగులకైతే పేర్లు కూడా స్థానికులకే తెలుసు. లోపలి ఊళ్ల దారుల్లో వంతెన బదులు లోలెవెల్ కాజ్‌వేలే ఎక్కువ, వానొస్తే వాటి మీదుగా నీరు పారుతుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. అలాంటప్పుడు కొత్త బండీ లేదు, పాత బండీ లేదు, ఏదైనా ఆగాల్సిందే. కానీ మోకాలి లోతు నీటిలో కొత్త బండి దాటిపోతుంది, పాత బండి మధ్యలో ఆగిపోతుంది. తేడా ఎక్కడుంది?

ఒకటి, స్పార్కు. కాయిల్లో పుట్టే వేల వోల్టుల కరెంటును డిస్ట్రిబ్యూటరు ఒక్కో ప్లగ్గుకు పంచుతుంది. దాని నల్లటి మూత మీద తడి తగిలితే కరెంటు ప్లగ్గు దాకా వెళ్లకుండా ఆ తడి మీదుగా ఇంజను ఇనుములోకి దిగిపోతుంది. ఫ్యాను రెక్కలు వాగు నీటిని ఎగజిమ్మేది సరిగ్గా ఆ వైపే. అనుభవమున్నవాళ్లు వాగులో దిగేముందు ఫ్యాను బెల్టు తీసేస్తారు, మూతకు రబ్బరు ట్యూబు ముక్క తొడుగుతారు. ఆ మూత లోపల కాయిల్ కరెంటును తెంచి కలిపే కాంటాక్ట్ పాయింట్లు ఇంకో బెడద. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే అవి సెకనుకు 100 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. పాయింటును తెరిచే చిన్న మడమ అరిగేకొద్దీ ఆ సందు తగ్గుతుంది, స్పార్కు ఆలస్యమవుతుంది, బండి గుంజడం మానేస్తుంది. ఇది ఏ రోజూ తెలిసేలా జరగదు. నెలల తరబడి కొంచెం కొంచెంగా బలం తగ్గుతూ వస్తుంది, యజమాని పెట్రోలు బంకును తిట్టుకుంటూ ఉంటాడు.

రెండోది బయటికి కనపడదు. యాభై కిలోమీటర్లు తిరిగొచ్చిన బండి వెనక డిఫరెన్షియల్ బాగా వేడెక్కి ఉంటుంది, దాని లోపలి గాలి వ్యాకోచించి ఉంటుంది. ఒక్కసారిగా చల్లటి వాగులో దిగితే ఆ గాలి కుంచించుకుపోతుంది, లోపల పీడనం తగ్గి అరిగిన సీళ్ల సందుల్లోంచి నీటిని పీల్చుకుంటుంది. ఆ పూటకు ఏమీ కాదు. నెల తర్వాత బోల్టు విప్పితే ఆయిలు బదులు మజ్జిగ కారుతుంది, బేరింగుల మీద అప్పటికే తుప్పు చుక్కలు పడి ఉంటాయి. దీన్ని నివారించే గాలి గొట్టాన్ని పైకి పొడిగించి కట్టే పద్ధతి ఇప్పటి అడవి బండ్లకు వచ్చింది. పాత వాటికి వాగు ముందు పది నిమిషాలు ఆగడమే మార్గం.

మూడోది బ్రేకులు. పాత బండ్లకు నాలుగు చక్రాల్లోనూ డ్రమ్ములే. డ్రమ్ములో చేరిన నీరు త్వరగా బయటికి పోదు, తడి లైనింగు పట్టదు. అందుకే వాగు దాటాక కాసేపు బ్రేకు మీద మెల్లగా కాలు ఆనించి తోలుతారు, ఆ రాపిడి వేడికి లైనింగు ఆరుతుంది. ఇదే డ్రమ్ము ఘాట్ దిగేటప్పుడు ఇంకో వేషం కడుతుంది. మారేడుమిల్లి ఘాట్‌లో దిగుతూ బ్రేకు నొక్కేకొద్దీ డ్రమ్ము కాలుతుంది, ఇనుము కాబట్టి వ్యాకోచిస్తుంది. వ్యాకోచించిందంటే లైనింగు నుంచి దూరంగా జరిగిందని అర్థం. పెడలు ఇంకా లోతుకు దిగాలి. డిస్క్ బ్రేకులో అయితే వేడికి ఉబ్బిన డిస్కు ప్యాడు వైపే వస్తుంది. పైగా డిస్కు గాలికి బయట ఉంటుంది, డ్రమ్ము తన వేడిని తన లోపలే దాచుకుంటుంది.

అంతకన్నా భయపెట్టేది పైపుల అమరిక. ఆ రోజుల్లో నాలుగు చక్రాలకూ ఒకటే బ్రేకు లైను ఉండేది. ఒక్క చోట రబ్బరు గొట్టం చిట్లినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. ముందు వెనకలకు వేర్వేరు లైన్లు పెట్టే పద్ధతి తర్వాత వచ్చింది. బ్రేకు ఆయిలుకు గాల్లోని తేమను పీల్చే గుణం ఉంది. గోదావరి గట్టు వానాకాలంలో రెండు మూడేళ్లు నానిన ఆయిలు కొత్తదాని కంటే చాలా తక్కువ వేడికే మరుగుతుంది, ఘాట్‌లో పెడలు మెత్తబడిపోతుంది. లోపమనేది ఎక్కడైనా ఉంటే ఇక్కడే ఉంది. మిగతావన్నీ ఇబ్బందులు, ఇది ప్రాణం మీదికి తెచ్చేది. పాత బండి కొన్నవాళ్లు పెయింటు కంటే ముందు దీని మీద డబ్బు పెట్టాలి. చాలామంది తలకిందులుగా చేస్తారు.

జీపు వాళ్లకు ఘాట్‌లో ఇంకో వినోదం. తొలినాటి జీపుల్లో అద్దం తుడిచే వైపర్లు కరెంటుతో తిరగవు. ఇంజను గాలి పీల్చేటప్పుడు ఏర్పడే శూన్యతతో తిరుగుతాయి. ఎత్తు ఎక్కడానికి యాక్సిలరేటరు తొక్కగానే లోపలి తలుపు తెరుచుకుని ఆ శూన్యత పడిపోతుంది. అంటే జోరువానలో, ఎదురుగా లారీ వస్తుంటే, ఎత్తు ఎక్కుతున్నప్పుడు వైపర్లు సగంలో ఆగిపోతాయి. కాలు తీస్తే మళ్లీ టపటపా కొట్టుకుంటాయి. డ్రైవరు అద్దం కోసం కాలు తీయాలా, ఎత్తు కోసం తొక్కాలా?

చీకటి పడితే డైనమో వంతు. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు. అడవి దారిలో గుంతలు చూసుకుంటూ రెండో గేరులో పోయే బండికి లైట్లు బ్యాటరీ మీదే వెలగాలి. డైనమోలో కరెంటు పుట్టే చుట్టలు తిరిగే భాగంలో ఉంటాయి, ఆ కరెంటంతా బ్రష్షుల గుండా బయటికి రావాలి. మరీ వేగంగా తిప్పితే చుట్టలు విసిరేసినట్టు ఊడిపోతాయి కాబట్టి దాన్ని నిదానంగా తిప్పేలా పుల్లీ కడతారు. ఆల్టర్నేటరులో కరెంటు పుట్టేది కదలని భాగంలో, అందుకే దాన్ని రెట్టింపు వేగంగా తిప్పినా తట్టుకుంటుంది. అయితే అది పుట్టించేది ఎసి కరెంటు. దాన్ని డిసిగా మార్చే సిలికాన్ డయోడ్లు చౌకగా దొరకడం 1960ల్లోనే మొదలైంది. కౌలీ ఇంజనీర్లకు అంతకు ముందు ఆ దారి లేదు.

ఇక పార్కింగు. అంబాసిడర్ పెట్టిన చోట కింద నల్లటి మచ్చ పడటం ఊరందరికీ తెలిసిన సంగతే. దాని ఇంజను క్రాంక్ వెనక చివర రబ్బరు సీలు ఉండదు, కడ్డీ మీద స్క్రూ మరలాంటి గాడి చెక్కి ఉంటుంది. ఇంజను తిరిగేటప్పుడు ఆ మర ఆయిలును వెనక్కి లోపలికి నెడుతుంది. ఆపితే నెట్టేది ఎవరు? చుట్టూ ఉన్న సన్నటి సందులోంచి ఆయిలు మెల్లగా దిగుతుంది, వాలుమీద ముక్కు పైకి పెట్టి ఆపితే ఇంకా బాగా దిగుతుంది. గాస్కెట్లు మార్చి మార్చి విసిగినవాళ్లు చివరికి కింద ఒక రేకు పెట్టుకుని సర్దుకుంటారు. ఆ బండి ముందు చక్రాల దగ్గర ఉన్న గ్రీజు నిపుల్స్ సంగతి దీనికి తలకిందులు. అక్కడ గ్రీజు కారకపోతేనే కంగారు పడాలి. వెయ్యి మైళ్లకోసారి గన్నుతో కొత్త గ్రీజు కొడితే పాతది బురదను తోసుకుని బయటికి రావాలి. కొట్టకపోతే ఇసుక కలిసిన గ్రీజే పిన్నును అరగదీస్తుంది. అప్పుడు మొదలయ్యే కటకట శబ్దాన్ని ఏజెన్సీ రోడ్డు మీదికి నెట్టేయడం యజమానులకు తేలిక.

బండి మారలేదు, పెట్రోలు మారింది. ఈ దెబ్బ మాత్రం కొత్తది. 2000 ఫిబ్రవరి నుంచి దేశంలో సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. ప్రజారోగ్యానికి అంతకన్నా మేలు లేదు. కానీ పాత పోత ఇనుము హెడ్లలో పొగ వాల్వులు కూర్చునే అంచుకు ఆ సీసమే మెత్త. అది పోయాక వేడి వాల్వు ఇనుప అంచుకు అతుక్కుంటూ ఊడుతూ దాన్ని తినేస్తుంది. ఇందులో ఒక మోసం ఉంది. మామూలు అరుగుదలకు ట్యాపెట్లు టకటకలాడి హెచ్చరిస్తాయి. ఈ జబ్బులో వాల్వు లోపలికి దిగి ట్యాపెట్ సందు పూడుకుపోతుంది కాబట్టి ఇంజను ఇంకా నిశ్శబ్దమవుతుంది. ఎంత బాగా నడుస్తోందో అని యజమాని మురిసిపోతుండగా వాల్వు పూర్తిగా మూసుకోలేక కాలిపోతుంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ ఒక్కటే అయితే 78 డిగ్రీల దాకా మరగదు. కానీ కొద్ది పాళ్లలో పెట్రోలులో కలిపితే ఆ మిశ్రమం పెట్రోలు కంటే తొందరగా ఆవిరవుతుంది, అంటే తడిగుడ్డ అవసరం పెరిగిందే తప్ప తగ్గలేదు. పాత డయాఫ్రంలు, రబ్బరు గొట్టాలు, బెండు వాషర్లు దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు, ఉబ్బుతాయి లేదా పెళుసు బారతాయి. ట్యాంకులో ఏళ్ల నాటి జిగురును ఇథనాల్ కరిగించి తెచ్చి కార్బొరేటరు జెట్లలో పెడుతుంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి కూడా పెట్రోలులో మూడింట రెండు వంతులే. కొత్త కారులో ఆక్సిజన్ సెన్సారు గమనించి ఇంధనం పెంచుతుంది. కార్బొరేటరు జెట్టుకు ఉన్నది ఒకటే రంధ్రం, దానికి గమనించడం తెలియదు. మిశ్రమం పలచబడి ఇంజను ఇంకా వేడెక్కుతుంది. సన్నటి డ్రిల్లుతో జెట్టు రంధ్రాన్ని పెద్దది చేసే మెకానిక్కులున్నారు. ఎంత పెద్దదో కొలిచి చేసేవాళ్లు తక్కువ.

ఈ చికాకులన్నిటికీ ఒక తరం ముందే మొండి పరిష్కారం దొరికింది, ఇంజనే మార్చేయడం. మాటడోర్ వ్యాన్ల డీజిలు ఇంజన్లు అంబాసిడర్లలోకి ఎక్కాయి. జీపుల్లోకి మహీంద్రా వారే పెజో డీజిలు ఇంజనును తెచ్చారు. స్పార్కు లేదు, కార్బొరేటరు లేదు, వాగులో తడిసినా పర్వాలేదు. ఏజెన్సీ దారుల్లో పది పదిహేను మందిని ఎక్కించుకు తిరిగిన కమాండర్ జీపుల బలం అదే. ఆ మార్పు చేయించినవాళ్లు చేసింది పూర్తిగా సబబైన పనే. అయితే 2021 జూలైలో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు ఆ బండ్లను బయటే నిలబెట్టాయి. తొలి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటాలి, చాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలోనే ఉండాలి. అప్పుడే విఏ అక్షరాల నంబరు ప్లేటు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20 వేలు, గడువు పదేళ్లు. ఆ ప్లేటు ఉన్న బండిని ప్రదర్శనకో ర్యాలీకో, మరమ్మతుకో పెట్రోలుకో తప్ప రోజూ తిప్పకూడదు. శ్రీరామనవమికి భద్రాచలం వెళ్లొస్తానంటే ఆ జాబితాలో లేదు.

అందుకే తెలివైన యజమానులు బయటికి కనపడని మార్పులు చేయిస్తున్నారు. డిస్ట్రిబ్యూటరు మూత కింద పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ సెన్సారు పెడితే అరిగే మడమ ఉండదు. ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరు గొట్టాలు పాతవాటి రంగులోనే దొరుకుతాయి. అన్నిటికన్నా మేలు చేసేది ట్యాంకు పక్కన చిన్న కరెంటు పంపు. అది పెట్రోలును లాగదు, వెనక నుంచి తోస్తుంది. తోసినప్పుడు గొట్టంలో పీడనం పెరుగుతుంది కాబట్టి బుడగ పుట్టదు, కొత్తగూడెం టీ కొట్టు దగ్గర సెల్ఫ్ ఒక్కసారికే అందుకుంటుంది. ఒక్కటే జాగ్రత్త. పాత పంపు ఇంజను ఆగితే తనూ ఆగేది. కరెంటు పంపుకు ఇంజను ఆగిన సంగతి తెలియదు, గుద్దుకుని గొట్టం తెగినా పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ఆయిలు పీడనం పడిపోగానే కరెంటు తెంచే స్విచ్చి ఒకటి దానికి తగిలించాలి. జీపు వాళ్లయితే మరీను, వాళ్ల ట్యాంకు ఉండేది డ్రైవరు సీటు కిందే.